మాటకు దారి

నర్సుగా రిటైరైన మేరీ సులోచన కాకినాడ ఇంట్లో వస్తువులన్నీ పొద్దస్తమానం నెట్‌లో కబుర్లాడుకుంటూనే ఉంటాయి. ఆ మధ్యాహ్నం ఫ్రిజ్ పెరుగు సంగతి కుక్కర్‌కి చెబుతోంది, కర్టెన్లు ఎండ గురించి ఏసీతో వాదిస్తున్నాయి. సరిగ్గా అప్పుడే, వరద చుట్టేసిన ఏటి లంక నుంచి ఆశా కార్యకర్త దుర్గ ఫోన్ చేసింది.

"సిస్టరమ్మా... బిడ్డ పుట్టాడు... ఏడ..." మాట ముక్కలైపోయింది.

"నోళ్లు ముయ్యండ్రా! ముందు మాటకి దారివ్వండి!" సులోచన ఇంటిమీద కేకేసింది.

ఇల్లు ఠక్కున ఊరుకుంది. అయినా మాట అతకలేదు, ఫోనొచ్చే ఆ నెట్ లైను వీధి మొత్తానిది మరి. అప్పుడు ఆమె అడక్కుండానే ఇల్లు పక్కింటిని బతిమాలింది, పక్కిల్లు ఆ తర్వాతి ఇంటిని. సులోచన కిటికీలోంచి చూస్తుండగానే వీధి చివరిదాకా ప్రకటనల బోర్డులు ఒక్కొక్కటే ఆరిపోయాయి. బట్టలుతికే మెషిన్లు మధ్యలోనే ఆగిపోయాయి. బుద్ధెరిగాక ఆమె అంత నిశ్శబ్దం ఎరగదు.

దుర్గ గొంతు చెవి పక్కనే పలికింది. "ఏడవట్లేదు సిస్టరమ్మా! ఒళ్లంతా నీలంగా ఉందండీ!"

"కంగారుపడకు. పొడిగుడ్డతో తుడిచి వీపు రుద్దు. రుద్దుతూనే ఉండు."

గుడ్డ రాపిడి కూడా వినబడుతోంది. తర్వాత చిన్న ఎక్కిలి. ఆ వెనకే గుక్కపెట్టిన ఏడుపు.

సులోచన ఫోన్‌ని చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. కాసేపటికి ఇల్లు మెల్లగా అడిగింది: "అమ్మా, ఇక మాట్లాడుకోవచ్చా అని వీధిలో ఇళ్లన్నీ అడుగుతున్నాయి."

"ఉండండ్రా," అందామె కళ్లు తుడుచుకుంటూ. "వాణ్ణి ఇంకాస్త ఏడవనివ్వండి."