కుందేళ్ల సారు

మొదటి రాయి పున్నమ్మే విసిరింది.

కుందేళ్ల సారు కణతకు తగిలింది. సైకిల్‌తో సహా పత్తిచేను గట్టు మీద పడ్డాడు.

"నా పిల్ల నెత్తురు తీస్కపోయి ఏం జేసినవ్‌రా?"

గట్టు మీద అయిదేళ్ల హైమ కొట్టుకుంటోంది. నోట్లోంచి నురగ. పొద్దుట్నుంచీ పురుగుమందు కలిపే డ్రమ్ము పక్కనే ఆడుకున్న పిల్ల, ఉన్నట్టుండి కూలబడింది.

అది పత్తికి పచ్చపురుగు పట్టిన ఏడు. సారు ఎక్కడినుంచో వచ్చి, ఊరి చివర కొట్టం కిరాయికి తీసుకుని కుందేళ్లను పెట్టాడు. వాటికి సూదులు వేసేవాడు, చెవి నరంలోంచి నెత్తురు తీసేవాడు. పోయిన వారం చేలకు వచ్చే పిల్లలకూ తీశాడు. పరిశోధన అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు.

"అమ్మా, ముందు అంగీ..." అంటూ సారు లేవబోయాడు.

"బాణామతి వదినా ఇది!" మరిది జంపయ్య అరిచాడు. "పండ్లు రాలగొడితే మంత్రం పారదు. పట్టుకోండ్రి!"

నలుగురు పట్టుకున్నారు. జంపయ్య గుండ్రాయితో నోటి మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. మూడో దెబ్బకు సారు గడ్డం మీదుగా పళ్లు జారిపడ్డాయి.

"ఇగ చదువు సారూ, నీ మంత్రం!"

సారు చదవలేదు. ఒక్క గుంజు గుంజుకుని, పాకుతూ పోయి, హైమ అంగీని రెండు చేతులా చింపేశాడు. బిందె లాగి నీళ్లన్నీ పిల్ల మీద కుమ్మరించాడు.

"అంగీ పట్టుకపోతుండు! బట్ట వాని చేతికి దొరికితే పిల్ల బతకదు!" జంపయ్య కేకపెట్టాడు.

పున్నమ్మకు ఇంకేమీ కనబడలేదు. పార అందుకుని వెనకనుంచి వేసింది.

సారు బిందె మీదికి ఒరిగిపోయాడు.

హైమను ట్రాక్టర్ మీద ఖమ్మం దవాఖానాకు తెచ్చారు. జంపయ్యను ఠాణాకు తీసుకుపోయారు. పార దెబ్బ ఎవరిదో ఊళ్లో ఒక్కరూ చెప్పలేదు.

మూడోనాడు హైమ కళ్లు తెరిచింది.

"పురుగుమందుల తడిసిన అంగీ విప్పి, ఒళ్లు కడిగిందెవరమ్మా?" అడిగింది డాక్టరమ్మ. "ఇంకో పావుగంట అట్లనే ఉంటే నీ బిడ్డ దక్కకపోతుండె."

పున్నమ్మ పిల్ల మీది దుప్పటి సర్దింది.

అప్పుడే కానిస్టేబుల్ నెత్తురు మరకల కాగితమొకటి తెచ్చాడు. "చచ్చిపోయినాయన జేబులున్నది. ఇంగ్లీషుల ఉంది, జర చదువుండ్రి మేడం."

డాక్టరమ్మ నిలబడే చదివింది.

"మన ఒంట్ల పురుగుమందు విషాన్ని విరిచే ఎంజైమ్ ఒకటుంటది. కుందేలు నెత్తుర్ల దాన్ని గుర్తుపట్టే యాంటీబాడీ తయారుచేసి, దాంతోని ఆ ఎంజైమ్ ఎవరికి ఎంతున్నదో చూస్తున్నరాయన. నలభై మంది పిల్లలల్ల ఒక్కరికే బాగా తక్కువున్నదట."

"ఎవరికమ్మా?" పున్నమ్మ పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

"హైమకే. 'తెల్లారంగనే పోయి, పిల్లను చేను దాపుకు తేవద్దని తల్లికి చెప్పాలె' అని రాసుకున్నరు."