గోడ మీద సుద్ద గీతలు

అరంగుళం బోల్టు సగం దిగి ఆగిపోయింది. ఆ పొద్దున అది పదకొండోది.

"వాళ్ల అంగుళం, మన అంగుళం ఒకటే అన్నారుగా," అంది ఎల్స్‌పెత్, పానా కింద పడేసి.

"అంగుళం ఒకటే. మర వేరు," అన్నాడు ఫోర్‌మన్ డఫ్. "అంగుళానికి మనం పన్నెండు చుట్లు తిప్పితే అమెరికా వాళ్లు పదమూడు తిప్పుతారు. పైగా ఇద్దరం కలిసి యుద్ధ ట్యాంకు కడతామట, నా తలకాయ."

1918 సెప్టెంబరంతా గ్లాస్గోలోని ఆ షెడ్డులో ఇదే గోల. ఉక్కు పలకలు ఇక్కడివి, ఇంజను, బోల్టులు అక్కడివి. శుక్రవారం ఇంజను ఆడించి చూపకపోతే పని ఇంకో షెడ్డుకి పోతుంది.

"సుత్తితో కొట్టి దింపు. దిగనిచోట తల కోసేసి లప్పం పూసెయ్," అన్నాడు డఫ్.

ట్యాంకు లోపలి నుంచి దగ్గు వినిపించింది.

డఫ్ లోపలికి దూరాడు. ఇంజను గదికీ మనుషులుండే గదికీ మధ్య గోడ ఉంది. దాని దగ్గర పాత కోటు మనిషి ఒకడు కొవ్వొత్తి పట్టుకుని కూర్చున్నాడు. నిన్న ఉత్తరం తెచ్చిచ్చింది అతనే.

ఆ ఉత్తరం డఫ్ విప్పనే లేదు. యుద్ధం నుంచి ఇంటికి పంపేసిన సైనికులు రోజుకు అరడజను మంది పని కోసం సిఫారసులు తెస్తారు. అన్నీ బల్ల మీద కాగితాలు గుచ్చే ఇనుప ముల్లుకే.

"నిన్నెవరు రానిచ్చారయ్యా?"

"ఇక్కడ సందుంది, అయ్యా. దీపం ఇటు వంగుతోంది చూడండి. ఇంజను ఆడితే పొగా ఇటే వస్తుంది."

"లప్పం పెట్టాం."

"ఇంజను వేడికి అది నిలవదండీ."

"ఇంజన్ల సంగతి నీకేం తెలుసు?"

అతను చెప్పబోయాడు. దగ్గు చెప్పనివ్వలేదు.

డఫ్‌కి ఒళ్లు మండింది. ఇన్నాళ్ల బోల్టుల కోపమంతా ఆ బక్క మనిషి మీదే పోయింది. "ఇక్కడ పనీ లేదు, పాటూ లేదు. దయచెయ్."

అతను గోడ మీద నాలుగు చోట్ల సుద్దతో గీసి మెల్లగా దిగాడు.

"ఆ ఉత్తరం ఒక్కసారి చూడండయ్యా."

"చూస్తాం, చూస్తాం. తలుపు అటు."

శుక్రవారం ఇంజను ఆడింది. పది నిమిషాలకు లోపలున్న నలుగురిలో ఇద్దరిని బయటికి మోసుకొచ్చారు.

ఎల్స్‌పెత్ ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని లోపలికెళ్లి చూసొచ్చింది.

"పొగ ఆ సుద్ద గీతల దగ్గరే వస్తోంది, డఫ్ గారూ. నాలుగు చోట్లా."

"అతన్ని వెతుకు. బతిమాలైనా తీసుకురా," అన్నాడు డఫ్.

గంట తర్వాత ఎల్స్‌పెత్ ఒక్కతే తిరిగొచ్చింది.

"పక్క వీధిలోనే దిగాడట. మొన్న ఆసుపత్రికి తీసుకెళ్లారట. నిన్న పోయాడని ఇంటావిడ చెప్పింది. ఊపిరితిత్తులు ఎప్పుడో మాడిపోయాయట."

డఫ్ ముల్లు మీది కాగితాలన్నీ లాగి కింద పోశాడు. ఆ కవరు అడుగునెక్కడో దొరికింది. ముల్లు దాని మధ్యనుంచే దిగింది. లోపల సైన్యం ట్యాంకుల శాఖ రాసిన ఉత్తరం.

"దీన్ని తెచ్చే ఐవర్ కెల్సో మన తొలి ట్యాంకుల్లో ఒకదానికి డ్రైవరు. అందులో ఇంజనుకీ మనుషులకీ మధ్య అడ్డు లేదు. పొగ పీల్చిన ఎనిమిది మందిలో బతికింది ఇతనొక్కడే. కొత్త ట్యాంకులో గోడ ఉండాలని రెండు దేశాల ఇంజనీర్లనూ ఒప్పించింది ఇతనే గనక, ఇతను సరే అనేదాకా ఇంజను ఆడించవద్దు."