చివర చుక్క ఉన్న అడ్రస్

“రాత్రంతా గుయ్యిమంటోంది. ఇంట్లో మెయిల్ సర్వర్ పెట్టుకోవడమేంటి? పొద్దున్నే ఆపేసి పాత సామాన్లవాడికి ఇచ్చేస్తా,” అన్నాడు భర్త మూడోసారి.

“నీ గురక కంటే నయమే కదరా,” అంది అత్తగారు.

ఆమె పక్క గదిలో ఆ సర్వర్ ముందే పనిలో ఉంది. ఒక కస్టమర్ మెయిల్ అడ్రస్‌లో పేరు చివర, @ గుర్తుకి ముందు, చుక్క ఉంది. అలాంటివాటిని సర్వర్ తిప్పి పంపేస్తుంది. ఆ నిబంధన సడలించి, సర్వర్‌ని ఆపి మళ్లీ మొదలుపెట్టింది.

సర్వర్ ఫ్యాన్ చప్పుడు ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దం. చప్పుడు తిరిగి మొదలవగానే ఒక మెయిల్ వచ్చింది.

పంపినవాళ్ల అడ్రస్‌లో కూతురి ముద్దుపేరు, చివర చుక్క. పదేళ్లప్పుడు అలాంటి అడ్రస్ కావాలని ఆ పిల్ల మారాం చేసింది. “సర్వర్ ఒప్పుకోదమ్మా,” అని తనే సర్దిచెప్పింది. ఆ అడ్రస్ ఎవరూ తయారు చెయ్యలేదు. కూతురు పోయి రెండేళ్లయింది.

మెయిల్ ఈ నిమిషానిదే. ఒక్కటే వాక్యం.

“అమ్మా, ఇప్పుడు ఒప్పుకుందా?”

ఆమెకు ఏడుపు రాలేదు. ఆ వాక్యాన్ని మళ్లీ చదివింది. లేచి గుమ్మంలో నిలబడింది. భర్త, అత్తగారు, నిద్రమత్తులో ఉన్న కొడుకు తలెత్తి చూశారు.

“సర్వర్‌ని ఎవరూ ముట్టుకోకండి,” అంది మెల్లగా. “ఇక నుంచి నేను దాని పక్కనే పడుకుంటాను.”