లేడీ ఫిన్లే

శేషాచలం గారి ఓడ మళ్లీ మునిగింది.

పెరట్లో, మనవరాలు ఆడుకునే ప్లాస్టిక్ తొట్టి. దాని అడుగున మీటరు పొడవున్న బొమ్మ ఆవిరి ఓడ. పక్కనే స్టూలు మీద ఆయన.

"ఇలా కాదు," అన్నారు శేషాచలం గారు. "ఇలా కాదే చాముండీ."

వంటింటి కిటికీలోంచి భార్య చాముండేశ్వరి చూస్తోంది. మూడేళ్లుగా ఇదే వరస.

విశాఖ పోర్టులో ఇంజనీరుగా రిటైరై, డాక్టరు కొడుకు దగ్గరికి ఆస్ట్రేలియాలోని టూవూంబా వచ్చాక ఆయన మాట్లాడడం మానేశారు. సముద్రం చూడాలంటే కారులో పోవాల్సిన ఊరు. పెట్టింది తిని టీవీ ముందు కూర్చునేవారు. బొమ్మ ఓడల క్లబ్బులో చేరాకే మళ్లీ మనిషయ్యారు. అందుకే ఆ ఓడ తేలాలని ఆవిడ ఇంట్లో ఉన్న దేవుళ్లందరికీ మొక్కింది.

ఓడ పేరు లేడీ ఫిన్లే. అసలుది గ్లాస్గోలో కట్టారు. లండన్ నుంచి వలస జనాన్ని బ్రిస్బేన్ చేర్చింది. తిరుగు ప్రయాణంలో ఉన్ని మోసింది. వయసు మళ్లాక క్వీన్స్‌లాండ్ తీరం వెంట బొగ్గూ చక్కెరా, ఒకసారి సర్కస్ ఏనుగునూ మోసింది. ఇదంతా ఆయన రోజూ వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పేవారు. "ఆఖరికి పద్దెనిమిది వందల ఎనభై తొమ్మిదిలో..." అనేసరికి ఆవిడ మిక్సీ ఆన్ చేసేది. ఏనుగు దాకా విన్నది చాలనుకునేది.

శనివారం పార్కు చెరువులో క్లబ్బు వాళ్ల ప్రదర్శన. ఊళ్లోని తెలుగువాళ్లందరినీ చాముండేశ్వరే పిలిచింది. పిలిచాక భయం పట్టుకుంది.

"ఏం వదినా, అన్నయ్యగారి ఓడ ఇంకా మునుగుతూనే ఉందా?" అని పక్క వీధి జ్ఞానప్రసూన ఫోన్ చేసి మరీ అడిగింది.

గురువారం ఓడ ఇంకోసారి మునిగింది. ఈసారి వెనక భాగం ముందు కుంగి, ముక్కు పైకెత్తి, బుడుంగున పోయింది. ఆ పూట శేషాచలం గారు పప్పు మారు వడ్డించుకున్నారు. తింటూ కూనిరాగం తీశారు.

"మీ నాన్నకేదో అయిందిరా. ఓడ మునిగితే పాటలు పాడుతున్నారు," అంది ఆవిడ కొడుకుతో.

"అమ్మా, హీ ఈజ్ హ్యాపీ. వదిలెయ్. నాకు హాస్పిటల్ షిఫ్ట్‌కి లేటవుతోంది," అన్నాడు కార్తికేయ కారు తాళాలు వెతుక్కుంటూ.

హ్యాపీ ఏమిటి, బాధంతా దిగమింగుకుంటున్నారు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాత్రం తెలియదా?

శుక్రవారం ఆయన కునుకు తీస్తుండగా ఆవిడ గరాజులోకి వెళ్లింది. ఓడ పైకప్పు ఎత్తి చూసింది. అడుగున, ఇంజను పక్కన, వేలు దూరేంత చిల్లు. ఇంత చిల్లు పెట్టుకుని మూడేళ్లుగా తల పట్టుకుంటున్నారా ఈయన! పోర్టులో ఏం వెలగబెట్టారో.

విశాఖ నుంచి తెచ్చుకున్న ఎంసీల్ సూట్‌కేసులో ఉంది. రెండు ముద్దలూ కలిపి పిసికి, చిల్లు మూసి, తడి వేలితో నున్నగా రాసింది. ఆరాక పైన కుంకుమ బొట్టు పెట్టింది. ఆయనకు చెప్పలేదు. గెలుపంతా తనదే అనుకోవాలి, నలుగురిలో తల ఎత్తుకోవాలి. ఆవిడకు కావలసింది అంతే.

శనివారం చెరువు గట్టు నిండింది. తెల్లవాళ్లు మడత కుర్చీలు వేసుకున్నారు. మనవాళ్లు దుప్పట్లు పరిచి పులిహోర డబ్బాలు తెరిచారు. శేషాచలం గారు ఓడను నీళ్లలో వదిలారు.

అది కదిలింది. పొగ వదులుతూ చెరువు మధ్యకు వెళ్లింది. మధ్య దాటింది. బాతుల్ని అదిలించి, అవతలి గట్టు చుట్టి, వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది. మళ్లీ వచ్చింది.

దుప్పట్ల మీద ఒకటే చప్పట్లు. జ్ఞానప్రసూన కూడా తప్పక కొట్టింది.

"మునగలేదండీ! మునగలేదు!" చాముండేశ్వరి ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

శేషాచలం గారు ఓడ వంకే చూస్తున్నారు.

క్లబ్బు అధ్యక్షుడు ఇంకాసేపు చూసి, గొంతు సవరించుకుని, 'లేడీ ఫిన్లే ఎలా మునిగింది' అన్న మిస్టర్ శేషాచలం ప్రదర్శన సాంకేతిక లోపం వల్ల రద్దయిందని మైకులో ప్రకటించాడు.