వేపమండ

పిల్ల మొలతాడులో దోపిన వేపమండను నర్సు రెబెక్కమ్మ విసుగ్గా లాగి కింద పడేసి, తుంటికి పెన్సిలిన్ సూది ఆనించింది. కాలిపుండు చీము పట్టి పిల్ల మూలుగుతోంది.

“అది తియ్యబాకమ్మా,” అంది తల్లి పెంచలమ్మ. “పోయినేడు పాలలాంటి ఈ సూదే ఏసినారు. ఇంటికి పొయ్యేలోగా అమ్మవారు పోసింది. ఒళ్ళంతా దద్దుర్లు, మూతి వాచిపొయ్యింది.”

రెబెక్కమ్మ చెయ్యి ఆగింది. “ఎన్నాళ్ళుండింది?”

“తెల్లారేసరికి ఒక్కటీ లేదు. తల్లి చల్లగా చూసింది.”

ఒక్కరోజులో పోయేది అమ్మవారు కాదు. ఈ మందే పిల్ల ఒంటికి పడలేదు. రెండోసారి ఎక్కితే ఊపిరే ఆడకపోవచ్చు.

మందంతా గిన్నెలో పారబోసింది.

“ఏమైందమ్మా?”

“వేరే మందిస్తా. ఈ సూది మాత్రం ఇంకెప్పుడూ ఏపించబాక.”

రెబెక్కమ్మ వంగి, వేపమండను తీసి పిల్ల మొలలో మళ్ళీ దోపింది.