మందు రాసే చెయ్యి

కుక్కల షెల్టర్‌లో దాన్ని అందరూ రాకాసి అనేవారు. ఒళ్లంతా గజ్జి, పైగా ఎవరు చెయ్యి వేసినా కరుస్తుంది. పెంచుకుందామని వచ్చినవాళ్లు దాన్ని చూసి అటునుంచి అటే వెళ్లిపోయేవారు. అలాంటిది, వారంరోజులుగా పొద్దున్నే చూస్తే దాని పుళ్లమీద తడితడిగా మందు రాసి ఉంటోంది.

"నువ్వేనా తాతా రాస్తున్నది?" అని కాపలా తాతని అడిగింది అక్కడి పశువుల డాక్టరమ్మ.

"నాకేం ప్రాణమ్మీద తీపి లేదనుకున్నావా అమ్మా?" అన్నాడు తాత.

సంగతేమిటో తేల్చుకుందామని ఆవిడ ఆ రాత్రి అక్కడే ఉండిపోయింది. రెండు దాటాక కుక్కలన్నీ ఒక్కసారిగా మొరగడం ఆపేశాయి. టార్చి పట్టుకుని వెళ్లి చూస్తే రాకాసి బోనుకి వేసిన తాళం వేసినట్టే ఉంది. లోపల అది వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని తోక ఆడిస్తోంది. ఎవరో వేళ్లతో రాస్తున్నట్టు దాని పొట్టమీద బొచ్చు పాయలు పాయలుగా విడిపోతోంది.

డాక్టరమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. అయినా వెళ్లిపోబుద్ధి కాలేదు.

"మెడ వెనక కూడా ఒక పుండుంది," అంది మెల్లగా.

బొచ్చు కదలడం ఆగింది. కాసేపటికి రాకాసి బోర్లా తిరిగి మెడ వంచింది.

ఆవిడ జేబులోంచి మందు ట్యూబు తీసి, మూత విప్పి, కమ్మీల మధ్య నుంచి ఎవరికో అందిస్తున్నట్టు లోపలికి పట్టుకుంది.