ఏ ఇంటివాడివి?

"ఊరూ పేరూ లేనివాడు నా గడప తొక్కడానికి వీల్లేదు," అంటూ శేషగిరి తలుపుకి చేయి అడ్డం పెట్టాడు. అమెరికాలో, ఫ్రిస్కో ఎండలో, గుమ్మం బయట కూతురు ఆద్య, ఆమె పెళ్లాడతానంటున్న మారెక్ నిలబడ్డారు.

"ఊరుంది నాన్నా. రూట్స్ ట్రేస్ చేసి, స్లొవాకియా కొండల్లో వాళ్ల విలేజ్‌కి వెళ్లొచ్చాడు. అక్కడ అందరిదీ సేమ్ లాస్ట్ నేమ్. అందుకే 'ఏ ఇంటివాడివి?' అని అడుగుతారు."

మనవాళ్ల 'ఎవరి తాలూకు' లాగే, అనుకున్నాడు శేషగిరి ఒళ్లు మండుతుండగా. "చెప్పాడా?"

"చెప్పాడు. తన ముత్తాత వేరే కొండ అమ్మాయిని చేసుకున్నాడని, ఆ ఇంటి పెద్దాయన మారెక్‌ని లోపలికి రానివ్వలేదు. తలుపుకి చేయి అడ్డం పెట్టాడట."

"నూరేళ్ల నాటి పెళ్లికి ఇప్పుడా? మనిషేనా వాడు?"

ఆద్య తండ్రి చేతివంక చూసింది.

శేషగిరి చేయి దించాడు.

"బూట్లు బయట విప్పమను," అన్నాడు కటువుగా.